ఉద్యోగంలో చేరే ముందు వైద్య పరీక్ష ఎందుకు?

ఏటా మే, జూన్ నెలలు రాగానే మా ఓ.పి. ముందు యువతీ యువకుల సందడి పెరుగుతుంది. డిగ్రీ, డిప్లొమా, ఐ.టి.ఐ. పూర్తయి కొత్తగా ఉద్యోగం వచ్చినవారు చేతిలో ఒక కాగితం పట్టుకొని వస్తారు. "సిస్టర్, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలండి. డాక్టరుగారి సంతకం ఒక్కటి చేయిస్తే చాలు, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోవాలి" అంటారు. "కూర్చోండి బాబూ, ఒక పూట పని ఉంది" అని మేము అనగానే ముఖం చిన్నబోతుంది. వెంట వచ్చిన తండ్రో, మేనమామో మమ్మల్ని పక్కకు పిలిచి మెల్లగా అంటారు: "ఏదైనా బయటపడితే ఉద్యోగం పోతుందేమో సిస్టర్. చూసీ చూడనట్టు రాసేయరాదా?"

ఆ భయం మాకు అర్థమవుతుంది. అప్పులు చేసి చదివించిన పిల్లవాడికి మొదటి జీతం రాబోయే వేళ అది. కానీ చూడకుండా రాసిన కాగితం ఆ కుటుంబానికి మేలు చేయదని మా అనుభవం. అది ఎందుకో ఈ నెల వివరంగా చెప్పదలచాము.

ఈ పరీక్షలో ఏం తెలుసుకుంటాము?

చాలామంది దీనిని పాసు, ఫెయిలు పరీక్ష అనుకుంటారు. అది నిజం కాదు. మేము మూడు విషయాలు తెలుసుకోవాలని చూస్తాము. మొదటిది, ఈ మనిషి ఈ పని చేస్తే అతని ఆరోగ్యానికి హాని కలుగుతుందా? రెండవది, ఇతని వల్ల పక్కన పనిచేసేవారికి గాని, ప్రయాణీకులకు గాని, రోగులకు గాని అపాయం ఉందా? మూడవది, పనిలో చేరిన ఈ రోజున ఇతని చూపు, వినికిడి, ఊపిరితిత్తులు, రక్తం ఏ స్థితిలో ఉన్నాయి?

మూడవదాన్ని ఎక్కువమంది పట్టించుకోరు. మా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. పదేళ్ళ తరువాత ఒక కార్మికుడు "నాకు ఆయాసం వస్తోంది, మిల్లు దుమ్ము వల్లే" అంటాడు. "నీకు ముందునుంచే ఉంది" అని యజమాని అనవచ్చు. చేరిన రోజున తీసిన ఎక్స్‌రే, ఊపిరి ఊదించిన పరీక్ష కాగితం ఉంటే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడవచ్చు. లేకపోతే చూపించడానికి ఏమీ ఉండదు. మొదటి పరీక్ష సరిగా చేయించుకోవడం కార్మికుడికి తన చేతిలో ఉన్న సాక్ష్యం లాంటిది.

పనికీ జబ్బుకీ సంబంధం ఉందని వైద్యులు ఎప్పుడో గుర్తించారు. ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ 1700లో వృత్తుల వల్ల వచ్చే జబ్బుల గురించి ఒక గ్రంథం ప్రచురించాడు. రోగిని అడగవలసిన ప్రశ్నలలో "నీవు ఏం పని చేస్తావు?" అనేది కూడా చేర్చాలని అందులో వైద్యులకు చెప్పాడు. మా ఓ.పి. చీటీలో "వృత్తి" అనే గడిని ఖాళీగా వదలవద్దని మా సిస్టర్లకు మేము పదే పదే చెప్పేది అందుకే.

పరీక్షకు వస్తే ఏం చేస్తారు?

ముందుగా ఒక సిస్టర్ మీతో కూర్చొని మాట్లాడుతుంది. పాత జబ్బులు, ఆపరేషన్లు, వాడుతున్న మందులు, మూర్ఛ, ఉబ్బసం, షుగరు, ఇంట్లో ఎవరికైనా టి.బి. వచ్చిందా, ఇంతకు ముందు ఏ పని చేశారు అని అడుగుతుంది. తరువాత ఎత్తు, బరువు, నాడి, బి.పి. చూస్తాము. బి.పి. ఎక్కువగా వస్తే కంగారు పడవద్దు. భయం వల్ల కూడా పెరుగుతుంది. పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ చూస్తాము. అవసరమైతే మరోరోజు రమ్మంటాము.

కళ్ళకు దూరపు చూపు, దగ్గర చూపు చూసిన తరువాత రంగుల చుక్కలున్న పుస్తకం చూపిస్తాము. చుక్కల మధ్య కనిపించే అంకె చదవాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారు ఇందులో బయటపడతారు. ఇది పుట్టుకతో వచ్చేది. మగవారిలో ఎక్కువ, ఆడవారిలో చాలా అరుదు. చాలామందికి తమకు ఈ తేడా ఉందనే తెలియదు.

ఆ తరువాత డాక్టరుగారు గుండె, ఊపిరితిత్తులు, పొట్ట, చర్మం, కీళ్ళు చూస్తారు. బరువులు మోసే పనికి వెళ్ళేవారికి నడుము, హెర్నియా ప్రత్యేకంగా చూస్తారు. మూత్రం, రక్తంలో హీమోగ్లోబిన్, షుగరు అందరికీ చేస్తాము. మిగిలినవి పనిని బట్టి ఉంటాయి. దుమ్ములో పనిచేయబోయేవారికి ఛాతీ ఎక్స్‌రే, గొట్టంలోకి బలంగా ఊదించే స్పైరోమెట్రీ చేస్తాము. యంత్రాల మోతలో పనిచేయబోయేవారికి వినికిడి కొలిచే ఆడియోమెట్రీ చేస్తాము.

వచ్చేటప్పుడు మీరు గుర్తుంచుకోవలసినవి ఇవి:

1. కళ్ళజోడు వాడేవారు దాన్ని తప్పక తీసుకురండి.
2. పాత చీటీలు, వాడుతున్న మాత్రల అట్టలు వెంట తెచ్చుకోండి.
3. వినికిడి పరీక్ష ఉంటే ముందు రోజు రాత్రి పెళ్ళి ఊరేగింపు సౌండు బాక్సుల దగ్గర నిలబడకండి. ఆ మోతకు చెవి తాత్కాలికంగా మందగించి పరీక్ష తప్పుగా వస్తుంది.
4. ఆడవారు గర్భం ఉందేమోనన్న అనుమానం ఉంటే ఎక్స్‌రేకు ముందే సిస్టరుకు చెప్పండి.
5. చేయబోయే పని ఏమిటో స్పష్టంగా చెప్పండి. "కంపెనీలో ఉద్యోగం" అంటే మాకు ఏమీ తెలియదు. కంప్యూటరు ముందు కూర్చునే పనా, బాయిలరు దగ్గర పనా, రాత్రి షిఫ్టా అన్నది చెబితేనే ఏ పరీక్ష చేయాలో తెలుస్తుంది.

ఏ పనికి ఏ జాగ్రత్త?

మన చుట్టుపక్కల కుటుంబాలు చేసే పనులనే తీసుకుందాము. పత్తి జిన్నింగ్ మిల్లుల్లో ఎగిరే పత్తి దుమ్ము వల్ల బిస్సినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. దీనికి ఒక ప్రత్యేక లక్షణం ఉంది. వారపు సెలవు తరువాత మొదటి రోజు మిల్లులోకి వెళ్ళగానే ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది. మరునాటికి కాస్త తగ్గుతుంది. అందుకే జలుబు అనుకొని వదిలేస్తారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పట్టేయడం అన్ని రోజులకూ పాకుతుంది. మొదటి దశలో దుమ్ముకు దూరమైతే కుదుటపడే అవకాశం ఉంది.

చీమకుర్తి గ్రానైటు, మార్కాపురం పలకల వంటి రాతి పనుల్లో అపాయం మరో రకం. రాయిని కోసినప్పుడు, తొలిచినప్పుడు లేచే సిలికా ధూళి ఊపిరితిత్తుల లోతుకు చేరి అక్కడ మచ్చలు కడుతుంది. ఈ సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. ఇది ఉన్నవారికి టి.బి. కూడా తేలికగా అంటుకుంటుంది. ముఖానికి తువ్వాలు కట్టుకుంటే చాలని చాలామంది నమ్ముతారు. తువ్వాలు కంటికి కనిపించే దుమ్మును ఆపుతుంది గాని, జబ్బు తెచ్చేది కంటికి కనిపించనంత సన్నని ధూళి. నీళ్ళు చల్లుతూ తొలవడం, ధూళిని పుట్టిన చోటే లాగేసే యంత్రం, ముఖానికి సరిగ్గా పట్టే మాస్కు ఉండాలి. పని బట్టలను ఇంట్లో దులపవద్దు. ఆ ధూళిని ఇల్లాలు, పిల్లలు పీలుస్తారు. తడిపి ఉతకాలి.

ఉబ్బసం ఉన్నవారు మిర్చి యార్డులో, కోల్డ్ స్టోరేజీలో బస్తాల మధ్య పనికి చేరే ముందు మమ్మల్ని కలవడం మంచిది. మిర్చి ఘాటు, చల్లగాలి రెండూ ఉబ్బసాన్ని రేపుతాయి.

యంత్రాల మోత సంగతి మరీ మోసపూరితమైనది. చెవికి నొప్పి ఉండదు. మొదట పోయేది సన్నని, కీచు ధ్వనులను వినే శక్తి. మామూలు మాటలు వినిపిస్తూనే ఉంటాయి కనుక మనిషికి తెలియదు. ఇంట్లో టి.వి. శబ్దం పెంచుతున్నాడని భార్య విసుక్కునేసరికి చాలా వినికిడి పోయి ఉంటుంది. పోయింది తిరిగి రాదు. చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడవలసి వస్తే, ఆ చోట చెవులకు రక్షణ అవసరమని గుర్తుంచుకోండి.

మా ఇంటి సంగతి

ఇతరులకు చెప్పే ముందు మా తప్పు మేము ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం మా ఆసుపత్రిలో ఒక ఆయమ్మ చెత్త సంచీ ఎత్తుతుండగా అందులో ఉన్న సూది ఆమె చేతికి గుచ్చుకుంది. ఆ సూది వాడిన రోగికి హెపటైటిస్-బి ఉన్నట్టు అదే రోజు తెలిసింది. వెంటనే ఆమె ఫైలు తీశాము. బయట ఎక్కడో రాయించుకొచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉంది. "అన్నీ మామూలే" అని ఒక్క వాక్యం, కింద సంతకం. టీకాల గడి ఖాళీ. ఆమె మా దగ్గర రెండేళ్ళుగా పనిచేస్తోంది. ఆ గడి నింపాలని మాలో ఎవరికీ తోచలేదు.

ఆ రోజు పట్నానికి మనిషిని పంపి ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఇంజెక్షను తెప్పించి, టీకా మొదటి డోసుతో పాటు ఇచ్చాము. తరువాత ఆరు నెలలు ఆమె ఎదురు చూడాలి. "ఇంటికెళ్ళి బిడ్డను ఎత్తుకోవచ్చా సిస్టరమ్మా?" అని ఆమె అడిగింది. ఎత్తుకోవచ్చమ్మా, ముద్దు పెట్టుకోవచ్చు, అలా అంటదు అని చెప్పాము. అయినా చాలా రోజులు ఆమె బిడ్డను తల్లి దగ్గరే పడుకోబెట్టిందని తరువాత తెలిసింది. ఆరు నెలల తరువాత రక్త పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. ఆ కాగితం చూసి ఆమె ఏడ్చింది. మేమూ ఏడ్చాము. మూడు డోసుల టీకా ముందే వేసి ఉంటే ఆ కుటుంబానికి ఆ ఆరు నెలల వేదన తప్పేది.

అప్పటినుండి మా దగ్గర డాక్టరుగారైనా, నర్సైనా, ఊడ్చే మనిషైనా చేరినప్పుడు పరీక్ష, టీకా తప్పనిసరి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనలు కూడా ఇదే చెబుతున్నాయి. ఆసుపత్రి సిబ్బందికి, ఆ వ్యర్థాలను ముట్టుకునే ప్రతివారికి చేరేటప్పుడు ఒకసారి, ఆ తరువాత ఏడాదికి కనీసం ఒకసారి ఆరోగ్య పరీక్ష చేయాలి. హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయాలి. హెపటైటిస్-బి టీకా మొదటి డోసు తరువాత ఒక నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది వేస్తారు. మూడవది అయిన ఒకటి రెండు నెలలకు రక్తంలో రక్షణ వచ్చిందో లేదో చూడాలి.

మీ పిల్లలు నర్సింగులో గాని, ల్యాబులో గాని, ఆసుపత్రి పారిశుధ్య పనిలో గాని ఉంటే ఈ సంగతి వారికి చెప్పండి. సూది గుచ్చుకుంటే ఆ చోటును పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. ధారగా పడే నీటితో, సబ్బుతో కడిగి వెంటనే పై వారికి తెలపాలి. హెచ్.ఐ.వి. రాకుండా ఇచ్చే మందులు అవసరమైతే రెండు గంటలలోపు మొదలుపెట్టడం మంచిది. 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు. తిడతారేమోనని దాచిపెట్టిన సూదిపోటే ప్రమాదకరం.

దాచిపెడితే ఏమవుతుంది?

ఒకసారి ఎలక్ట్రీషియన్ ఉద్యోగానికి ఎంపికైన కుర్రవాడు రంగుల పుస్తకంలో అంకెలు చదవలేకపోయాడు. రెండోసారి చూపించాము, అదే ఫలితం. తండ్రికి మా మీద చాలా కోపం వచ్చింది. "ఇన్నేళ్ళు సైకిలు తొక్కాడు, పొలం పని చేశాడు, ఏ లోపమూ లేదు. మీరు రాయకుండా ఉంటే ఏం పోయేది?" అన్నాడు. వైర్లకు రంగులు ఎందుకు వేస్తారో, ఒక వైరును మరొక వైరు అనుకొని కలిపితే ఏమవుతుందో ఆ కుర్రవాడికే బాగా తెలుసు. అతడు తల దించుకొని విన్నాడు. ఆ ఉద్యోగం అతనికి రాలేదు. ఆ సంగతి మాకు ఇప్పటికీ బాధే. కొంతకాలానికి వేరే చోట లేతు మిషను పనిలో కుదిరాడు. ఆ తండ్రి తరువాత ఒకరోజు తన బి.పి. చూపించుకోవడానికి మా దగ్గరికే వచ్చాడు.

మూర్ఛ విషయంలో దాపరికం ఇంకా ఎక్కువ. మాత్రలు వేసుకుంటూ ఏళ్ళ తరబడి ఫిట్స్ రాకుండా ఉన్నవారు ఎన్నో ఉద్యోగాలు చక్కగా చేసుకోవచ్చు. ఎత్తైన చోట, తిరిగే యంత్రం దగ్గర, బండి నడిపే చోట మాత్రం పెట్టకూడదు. జబ్బు దాచి చేరినవారు హాస్టల్ గదిలో ఎవరైనా చూస్తారని మాత్రలు మానేస్తారు. అప్పుడే ఫిట్స్ తిరగబెడతాయి. షుగరుకు ఇన్సులిన్ వాడేవారు కూడా పక్కన పనిచేసే ఒక్కరికైనా చెప్పి ఉంచాలి. షుగరు పడిపోయినప్పుడు చక్కెర నీళ్ళు ఇవ్వడానికి ఆ ఒక్కరు చాలు.

మీ హక్కులు తెలుసుకోండి

పరీక్ష తరువాత మేము రాసే మాట సాధారణంగా మూడు రకాలుగా ఉంటుంది. ఈ పనికి తగినవారు అని, ఫలానా జాగ్రత్తలతో తగినవారు అని, ప్రస్తుతానికి కాదు, వైద్యం తరువాత మళ్ళీ చూడాలి అని. రక్తహీనత, హెర్నియా, చూపు తగ్గడం వంటివి సరిచేయించుకొని తిరిగి వచ్చి ఉద్యోగంలో చేరినవారు ఎందరో ఉన్నారు. యజమానికి తెలియవలసింది మీరు పనికి తగినవారా కాదా, ఏ జాగ్రత్త కావాలి అన్నంతవరకే. మీ వ్యక్తిగత జబ్బుల చిట్టా అంతా ఆఫీసు బల్లమీద ఉండవలసిన అవసరం లేదు.

ఉద్యోగం ఇవ్వడానికి హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకోవాలని ఎవరూ షరతు పెట్టకూడదు. 2017లో చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం దానిని నిషేధించింది. అది 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉంది. మీ అంగీకారం లేకుండా ఆ పరీక్ష చేయడం కూడా తప్పే.

కార్మికుల వైద్య పరీక్షల గురించి మన దేశంలో చట్టం గట్టిపడింది 1984 భోపాల్ గ్యాస్ దుర్ఘటన తరువాతే. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకరమైన పనులలో పెట్టే ముందు ఒకసారి, ఆ తరువాత పన్నెండు నెలలు మించకుండా మళ్ళీ మళ్ళీ వైద్య పరీక్ష చేయాలన్నారు. ఆ చట్టం స్థానంలో 2020లో చేసిన వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. ప్రభుత్వం నిర్ణయించిన వయసు, పనులవారికి యజమాని ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేయించాలని, ప్రతి ఉద్యోగికి నియామక పత్రం ఇవ్వాలని ఇందులో ఉంది. వృత్తి జబ్బులను కనిపెట్టే పరీక్షల ఖర్చును కార్మికుడి దగ్గర వసూలు చేయకూడదని కూడా ఉంది. కనుక "ఎక్స్‌రే డబ్బులు జీతంలో పట్టుకుంటాము" అని ఎవరైనా అంటే మీరు అడగవచ్చు.

ఇ.ఎస్.ఐ. వర్తించే చోట చేరితే మొదటి నెలలోనే మీ నంబరు అడిగి తీసుకోండి. పనిలో దెబ్బ తగిలితే చిన్నదైనా సరే, ఆ రోజే ప్రమాదాల రిజిస్టరులో రాయించండి. "రేపు చూద్దాం" అని ఊరుకున్న దెబ్బకు తరువాత సాక్ష్యం దొరకదు.

మన సంఘంలోని యజమానులకు ఒక మాట

మన సంఘ కుటుంబాలలో రైసు మిల్లు, వెల్డింగ్ షాపు, చిన్న ఫ్యాక్టరీ నడిపేవారు ఉన్నారు. నలుగురే పనిచేసినా వారూ పనివారే. తిరిగే బెల్టులకు ఇనుప జాలీ పెట్టించండి. చీర కొంగు, చున్నీ, జడ బెల్టులో చిక్కుకుని వచ్చిన గాయాలు మేము చూశాము. అవి మరచిపోగలిగినవి కావు. వెల్డింగుకు చేతిలో పట్టుకునే నల్ల అద్దం కాక తలకు తగిలించుకునే షీల్డు కొనివ్వండి. ప్రథమ చికిత్స పెట్టెకు తాళం వేసి తాళంచెవి ఇంట్లో పెట్టకండి. కొత్త మనిషిని తీసుకునేటప్పుడు ఒక పూట జీతమిచ్చి పరీక్షకు పంపండి.

ఉద్యోగంలో చేరినవారు పరీక్ష కాగితాల నకలు ఒకటి ఇంట్లో ఫైలులో భద్రపరచుకోండి. కంపెనీ మారినా, ఊరు మారినా ఆ ఫైలు మీ వెంట ఉండాలి. రెండు వారాలు దాటిన దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, చెవుల్లో హోరు, చేతులపై తగ్గని దురద పొక్కులు, పనిరోజుల్లో పెరిగి సెలవు రోజుల్లో తగ్గే ఏ బాధ అయినా కనిపిస్తే ఆ ఫైలు తీసుకొని రండి. అప్పుడు డాక్టరుగారు అడగకముందే మీరు ఏం పని చేస్తున్నారో చెప్పండి.

ఈ ఏడాది మొదటి ఉద్యోగానికి బయలుదేరుతున్న మన పిల్లలందరికీ మా శుభాకాంక్షలు. సర్టిఫికెట్ కోసం చివరి రోజు సాయంత్రం కాక, ఒక వారం ముందు ఉదయాన్నే రండి. కాస్త సమయం పట్టినా అన్నీ చూసే పంపుతాము.